నామనిర్ణయ ధర్మము

చూచినంతమాత్రమున వస్తువును ఎఱిగితిమని తలంచుట లోకులకు సహజము. చెట్టును ఆకును బట్టియు, పక్షిని ఈకను బట్టియు, మనుష్యుని కట్టును బట్టియు మనము పేరు పెట్టుచుందుము. నైయాయికులును ప్రత్యక్షమునే ప్రమాణములలో మొదట నిలిపిరి. అయినను ప్రత్యక్షము మూగపోవు స్థలములు కలవు. అట్టి స్థలమొకటి ఎక్కడనో దూరమున లేదు. మన ప్రేగులలోనే యున్నది. అక్కడి సూక్ష్మజీవులను గుర్తుపట్టుటకై శాస్త్రజ్ఞులు నూఱేండ్లకు పైబడి పడిన శ్రమను పరికించినచో, ఒకదానికి పేరు పెట్టుటకు మనకు అధికారమెట్లు కలుగుచున్నదను ప్రశ్న పుట్టును. ఆ పేరు తిరిగి వచ్చి ఒక మనుష్యుని నెత్తిన పడినప్పుడు, పెట్టినవారి విధి యేమి యను ప్రశ్న దాని వెంటనే వచ్చును. చదువరులు కొంచెము ఓపిక వహించినచో మేము ఈ రెంటిని విచారింపదలచితిమి.

ఆ జీవుల రూపమును గూర్చి చెప్పవలసినది స్వల్పమే. 1880వ సంవత్సరమున ఎబెర్త్ అను జర్మను వైద్యుడు టైఫాయిడు జ్వరమున మరణించినవారి శరీరభాగములలో చిన్న కడ్డీలవంటి జీవులను చూచెను. 1884లో గాఫ్కీ అను నాతడు వానిని వేఱుపఱచి పెంచెను. ఆ మఱుసటి యేటనే ఎషెరిష్ అను శిశువైద్యుడు, ఏ రోగమును లేని పసిబిడ్డల మలమునందు అట్టి కడ్డీలనే కనుగొని ప్రకటించెను. 1897లో జపాను దేశమున రక్తవిరేచనములు ప్రబలగా కియోషి షిగా ఇంకొక కడ్డీని పట్టుకొనెను. ఈ మూడింటిని సూక్ష్మదర్శిని క్రింద ప్రక్కప్రక్కన నుంచినచో ఎంతటి నేర్పరియు ఇది యిది యని చెప్పజాలడు. మూడును మిల్లీమీటరులో వేయవవంతునకు రెండు మూడింతలు మాత్రమే పొడవు. డేనిష్ వైద్యుడైన గ్రామ్ కనిపెట్టిన రంగు పద్ధతిలో మూడును ఒక్కతీరుననే ఎఱ్ఱబడును. మొదటి రెండును నీటిలో ఈదును, షిగా కడ్డీ కదలదు; అంతకుమించి కన్ను చెప్పగలిగినది లేదు.

అయినను వీనిలో ఒకటి, మనము పుట్టిన కొలది దినములలోనే మనలో కాపురము చేరి, కె విటమినును కొంత సమకూర్చుచు, చచ్చువఱకు మనతో నుండు చుట్టము. వేఱొకటి ప్రేగునకు తూటుపొడిచి ప్రాణము తీయగలదు. చుట్టమునకును హంతకునకును ఒకే ముఖమున్నచో న్యాయాధిపతి యేమి చేయవలెను?

నడవడిని పరీక్షింపవలెను. ఈ జీవి యేమి తినును? తిన్నదానిని ఏమి చేయును? ఏమి విసర్జించును? ఈ ప్రశ్నలను మాటలతో అడుగుటకు వీలులేదు గనుక నాళికలతో అడిగిరి. మన యిండ్లలో దోసెపిండి రాత్రి పులిసి తెల్లవాఱునప్పటికి పొంగుట యెఱుగని గృహిణి లేదు. అందు ఆమ్లము పుట్టుటచేత పులుపు, వాయువు పుట్టుటచేత పొంగు. శాస్త్రజ్ఞుడు చేయునదియు ఇంతకంటె మిక్కిలి భిన్నము కాదు. ఒక చక్కెర కలిపిన రసమును గాజునాళికలో పోసి, ఆమ్లము తగిలినచో రంగు మాఱు ద్రవ్యమును చేర్చి, లోపల వేఱొక చిఱునాళికను బోర్లించి యుంచును. జీవి ఆ చక్కెరను పులియబెట్టినచో రసము రంగు మాఱును. వాయువు పుట్టినచో బోర్లించిన నాళిక కొనను బుడగ నిలుచును. ఈ ఉపాయమును 1898లో ఇంగ్లండున డర్హాము అనునతడు చూపెను. మూడణాల గాజుముక్కతో ఇంత గట్టి సాక్ష్యము రాబట్టిన బుద్ధిని మేము పెద్ద పెద్ద యంత్రములకంటె ఎక్కువగా మెచ్చుకొందుము.

చక్కెరలలో పాలచక్కెర ముఖ్యమైనది. ఎషెరిష్ కనుగొన్న జీవికి, అనగా నేడు ఎషెరిషియా కోలై యనబడు దానికి, పాలచక్కెర ఇష్టము. అది దానిని పులియబెట్టి ఆమ్లమును వాయువును పుట్టించును. టైఫాయిడు క్రిమి దానిని ముట్టదు. షిగా క్రిమియు అంతే. ఆల్ఫ్రెడ్ మెకాంకీ యను ఆంగ్లేయుడు 1905లో వర్ణించిన పళ్లెమునందు ఈ భేదము కంటికే కనబడును. అందు పాలచక్కెరయు, పిత్తమునందలి లవణములును కలిసియుండును. ప్రేగులలో పుట్టి పెరిగినవి పిత్తమునకు అలవాటుపడినవి గనుక బ్రతుకును. పరాయివి పెక్కు అక్కడనే అణగిపోవును. బ్రతికినవానిలో పాలచక్కెరను తిన్నవి గులాబిరంగు చుక్కలుగాను, తిననివి రంగులేని చుక్కలుగాను తేలును. పళ్లెమును చేతబట్టి వెలుతురునకు ఎత్తి చూచువానికి, రంగులేని చుక్కల యందే అనుమానము నిలుచును.

అయితే అనుమానము వేఱు, నిర్ణయము వేఱు. త్రాగునీటిని పరీక్షించువారికి ఈ చిక్కు మఱియొక రూపమున ఎదురయ్యెను. చెఱువునీటిలో పాలచక్కెరను పులియబెట్టు కడ్డీలు కనబడెను. అవి మనుష్యుల మలమునుండి వచ్చినవా? లేక పొలములనుండి, గడ్డినుండి వాననీటితో కొట్టుకొనివచ్చినవా? మొదటిదయినచో ఆ నీరు ప్రమాదకరము; రెండవదయినచో అంత భయము లేదు. ఇక్కడ ఒక్క ప్రశ్న చాలక నాలుగు ప్రశ్నలు వేయవలసి వచ్చెను.

మాంసకృత్తులలోని ట్రిప్టోఫాను అను ద్రవ్యమును విఱిచి ఇండోలు అను దానిని పుట్టించునా యనునది మొదటిది. రసము పెరిగిన పిమ్మట కోవాక్స్ ద్రావణమును నాలుగు చుక్కలు విడిచినచో, ఇండోలున్నప్పుడు పైని పగడపు వన్నె యుంగరము ఏర్పడును. తక్కిన వానిలో రెండు, ఒకే ద్రాక్షచక్కెరను జీవి యే మార్గమున వినియోగించునో తెలుపును. కొన్ని దానిని గాఢమైన ఆమ్లములుగా మార్చివేయును. అప్పుడు మిథైల్ రెడ్డు అను రంగు ఎఱ్ఱగా నిలుచును. 1915లో క్లార్కు, లబ్సు అను వారు దీనిని ప్రవేశపెట్టిరి. మఱికొన్ని ఆమ్లమును మితముగా పుట్టించి, మిగిలినదానిని అసెటాయిను అను మృదుద్రవ్యముగా మార్చుకొనును. అట్టివానిని 1898 నాటి వోగెస్, ప్రొస్కౌవర్ల పరీక్ష పట్టుకొనును. ఒకే సంపద చేతికందినప్పుడు ఒకడు దుబారా చేయుటయు, ఒకడు మితముగా వాడుకొనుటయు మనము చూచుట లేదా? ఇక నాలుగవది, నిమ్మపండునందలి ఆమ్లపు లవణమైన సిట్రేటును మాత్రమే ఆహారముగా పెట్టినచో బ్రతుకునా యనునది. 1923లో కోజర్ దీనిని కనిపెట్టగా, 1926లో సిమ్మన్సు దానికి రంగు చేర్చెను: బ్రతికినచో పచ్చని గడ్డ నీలమగును. 1936లో పారు అనునతడు ఈ నాలుగు పేర్ల మొదటి అక్షరములను కూర్చి, పలుకుటకు సులువుగా నడుమ ఒక అచ్చును చేర్చి, ఇంవిక్ అను మాటను కల్పించెను. అది నేటికిని విద్యార్థుల నోట నానుచున్నది. మలమునుండి వచ్చిన కోలై మొదటి రెంటికిని ఔననును, కడపటి రెంటికిని కాదనును. మట్టిని గడ్డిని ఆశ్రయించు దాని దాయాదులు తఱచు సరిగా తలక్రిందులుగా ఉత్తరమిచ్చును.

ఇంతవఱకు అంతయు చక్కగానే యున్నది. అయితే ఈ ఉత్తరముల విలువ యెంత? మా మనస్సును ఎక్కువగా పట్టిన విషయము ఇదియే.

షిగెల్లాలలో సొన్నె యను ఒక జాతి కలదు. దానికి పాలచక్కెరనిచ్చి మఱునాడు చూచినచో రంగు మాఱదు, తినలేదని వ్రాసికొందుము. నాళికను పాఱవేయక మఱికొన్ని దినములుంచినచో రంగు మెల్లగా మాఱును. మొదటి దినమున అది మనలను మోసగించినదా? లేదు. పాలచక్కెరను ఖండించు ఎంజైము దానికి మొదటినుండియు కలదు. ఆ చక్కెరను లోనికి చేర్చు వాహకము మాత్రము సరిగా పనిచేయదు. ఇంట కత్తిపీట యున్నది, వాకిలి తెఱుచుకొనుట లేదు. వాకిలితో పనిలేక లోనికి చొచ్చుకొనిపోవు వేఱొక ద్రవ్యమును ఇచ్చినచో, ఆ దాగియున్న ఎంజైము దానిని వెంటనే ఖండించి పసుపురంగు చూపును. అనగా, చేయకుండుట వేఱు, చేతకాకుండుట వేఱు. మనము నాళికలో చూచినది మొదటిది. పుస్తకమున వ్రాసికొన్నది రెండవది. ఈ పొరపాటు ప్రయోగశాలలోనే జరుగుచున్నదని యెవరును సంతోషింప నక్కఱలేదు. ఒక్క యేటి పరీక్షలో తప్పిన బాలునికి చదువు రాదని ముద్రవేసి పశువులవెంట తోలు తండ్రులను మనము ఎఱుగుదుము.

సిట్రేటు సంగతి ఇంతకంటె వింతయైనది. గాలి తగులుచుండగా సిట్రేటుతో బ్రతుకలేకుండుట కోలైకి లక్షణమని గ్రంథములు చెప్పినవి. రిచర్డ్ లెన్స్కీ అను అమెరికా శాస్త్రజ్ఞుడు 1988లో ఒకే కోలైనుండి పండ్రెండు కుటుంబములను ప్రారంభించి, ప్రతిదినమును వానిని క్రొత్త రసములోనికి మార్చుచు తరతరములుగా పెంచసాగెను. ఆ రసమునందు ద్రాక్షచక్కెర కొంచెమును, సిట్రేటు ఎక్కువగాను ఉండెను. వేలకొలది తరములు ఆ సిట్రేటును చుట్టునుంచుకొనియే పస్తుండినవి. సుమారు 31,500 తరములు గడచిన పిమ్మట పండ్రెండింటిలో ఒక్క కుటుంబము దానిని తిన నేర్చినది. ఈ సంగతి 2008లో ప్రకటితమయ్యెను. ఇక్కడను అరగించుకొను శక్తి ముందునుండియు కలదు. ఆక్సిజనున్నచోట లోనికి తెచ్చుకొను ద్వారమే మూసియుండెను. సరియే, ద్వారము తెఱచుకొన్నది. ఇప్పుడు ఆ జీవి కోలైయా, కాదా? లక్షణము పోయినది గనుక కాదందుమా? దాని తల్లి కోలై, తల్లితల్లి కోలై. నిన్న పేరు పెట్టినవాడు నేడు తీసివేయుటకు దానియందు మాఱినది ఒక్క వాకిలి మాత్రమే. మా యభిప్రాయమున, నాళిక జీవి స్వభావమును చెప్పుట లేదు. ఇట్టి ఆహారమున, ఇట్టి వేడిలో, ఇన్ని గంటలలో అది చేసినదానిని చెప్పుచున్నది. మంచి ప్రయోగశాలలో వేడియు గంటలును వ్రాయకయే ఫలితమును వ్రాయుట తప్పుగా ఎన్నబడుటకు కారణమిదియే.

ఈ మాటకు ఒకరు ఇట్లు ఎదురాడవచ్చును: "అట్లయినచో జన్యువులను చదివి పేరు పెట్టుడు, నాళికలతో పనియేమి?" చదివిరి. చదివినప్పుడు తేలినదేమనగా, షిగెల్లా యనునది కోలై కుటుంబమునందే చేరినది. వంశమును బట్టి చూచినచో రెండు జాతులుగా విడదీయుటకు ఆధారము చాలదు. నేడు పెద్ద ఆసుపత్రులలో జీవియందలి మాంసకృత్తుల బరువును తూచి నిమిషములలో పేరు చెప్పు యంత్రములున్నవి. అవియు ఈ రెంటిని నమ్మదగినట్లు వేఱుచేయలేక, పాత నాళికలను రసినులను సాక్ష్యమునకు పిలుచుచున్నవి. అయినను వైద్యులు షిగెల్లా యను పేరును విడువలేదు. విడిచినచో రక్తవిరేచనములతో తీసికొనిపోవుచున్న బిడ్డ పరీక్షపత్రమున, ఆరోగ్యవంతులందఱి కడుపులోను ఉండు చుట్టము పేరే వ్రాయబడును. ఆ పేరు చూచి వైద్యుడు ఊరకుండును. కాబట్టి ఆ భేదము సృష్టియందు గట్టిగా లేకున్నను రోగి కొఱకు నిలుపబడినది. పేరు కేవలము సత్యకథనము కాదనియు, అది ఒక పనికై చేసికొన్న ఒడంబడిక యనియు దీనివలన తెలియుచున్నది. ఒడంబడిక చేసికొన్నవారికి దాని ఫలమునందు బాధ్యత యుండక తప్పదు.

ఇచ్చట ప్రసంగవశమున ఒక మాట. ఈ జ్ఞానమంతయు మలమునుండి వచ్చినది. మన వారిలో ఇంకను కొందఱు తమ బిడ్డ మలమును సీసాలో పట్టి పరీక్షశాలకు తెచ్చుటకు సిగ్గుపడి, రక్తమునైనచో సంతోషముతో ఇచ్చెదరు. ఆ సీసాను విప్పి, పళ్లెముపై తీగతో గీతలు గీసి, దినమంతయు దాని వాసనలో కూర్చుండు పనివారిని చిన్నచూపు చూచువారును ఉన్నారు. తాము త్రాగు నీరు నిర్మలమని చెప్పుచున్నది ఆ చేతులే యని వారెఱుగరు.

ఇక పేరు మనుష్యుని నెత్తిన పడిన కథకు వత్తము. ఐర్లండున 1869లో పుట్టి అమెరికాకు వచ్చి ధనికుల యిండ్లలో వంటచేసి బ్రతుకుచుండిన మేరీ మేలన్ అను స్త్రీ కథ లోకవిదితము. 1906 వేసవిలో న్యూయార్కు సమీపమున ఆయిస్టర్ బే యను గ్రామమునందలి యొక యింట పదునొకండుగురిలో ఆఱుగురికి టైఫాయిడు వచ్చెను. జార్జి సోపర్ అను పరిశోధకుడు కారణమును వెదకుచు ఈమె జాడను పట్టెను. అంతకుముందు ఈమె వండిన పెక్కు యిండ్లలోను ఆ జ్వరము కనబడి యుండెను. ఆమెకు మాత్రము ఏ జ్వరమును లేదు, దృఢకాయురాలు. సోపర్ ఆమె వంటయింటికి పోయి, నీ మలమూత్రములను పరీక్షకు ఇమ్మని అడిగెను. ఆమె మాంసము కోయు ముండ్లగరిట తీసికొని అతనిని తఱిమివేసెను. ముక్కుమొగము తెలియని మగవాడొకడు వచ్చి ఆ మాట యడిగినచో ఏ స్త్రీ సహించును? సోపర్ శాస్త్రము సత్యమేగాని అతని మర్యాద చాలలేదని మేము తలంచెదము.

1907లో అధికారులు ఆమెను బలవంతముగా పట్టుకొనిపోయి నార్త్ బ్రదర్ అను దీవియందు ఉంచిరి. రెండేండ్లలో చేసిన 163 పరీక్షలలో 120 మార్లు టైఫాయిడు క్రిమి కనబడెను. ఆమె తనంతట తాను వేఱొక ప్రయోగశాలకు పంపించుకొన్న వానిలో కనబడలేదు. ఆమె ఈ రెండవ పత్రములను పట్టుకొని 1909లో న్యాయస్థానమునకు ఎక్కి ఓడిపోయెను. నేడు మనము రెండు పత్రములును నిజమే కావచ్చునని చెప్పగలము. పిత్తాశయమున దాగిన క్రిమి దినదినమును బయటికి రాదు. అధికారుల లెక్కలోనే 43 మార్లు అది కనబడలేదు. కనబడలేదని వ్రాసిన పత్రము లేదని చెప్పుట లేదు. ఇది ఆమెకు ఓపికతో చెప్పినవారున్నారో లేదో, ఆమె మాత్రము తుదివఱకు నమ్మలేదు.

ఆ క్రిమికి పెట్టిన పేరు సరియైనదే. ప్రయోగశాల తన పనిని చక్కగా చేసినది. కాని ఆ పేరు క్రిమితో ఆగలేదు. పత్రికలవారు దానిని ఆమె పేరునకు తగిలించి 'టైఫాయిడ్ మేరీ' యని అచ్చువేసిరి. క్రిమి చేసినదానిని నాళిక చెప్పినది. ఆమె యెట్టిదో యే నాళికయు చెప్పలేదు. వంట వండుట ఆమె చేసిన పని. క్రిమిని మోయుట ఆమె చేసిన పని కాదు, ఆమెయందు జరిగిన సంగతి. ఈ రెంటిని ఒక్క మాటలో ముడివేసినవారు శాస్త్రజ్ఞులు మొదలే హెచ్చరించిన పొరపాటును చేసిరి.

1910లో ఇకపై వంటచేయనని మాట తీసికొని ఆమెను విడిచిరి. ఆమె బట్టలుతుకు పనికి కుదిరెను. మంచి వంటకత్తెకు వచ్చు జీతమును ఉతుకుడుకు వచ్చు కూలియు ఎక్కడ సమానము? కొన్నియేండ్లకు ఆమె మాట తప్పెను. తనకు పెట్టిన పేరునుండి తప్పించుకొనుటకై బ్రౌన్ అను వేఱొక పేరు పెట్టుకొని, 1915లో స్లోన్ ప్రసూతి ఆసుపత్రి వంటశాలలో చేరెను. అక్కడ ఇరువదియైదుగురికి జ్వరము వచ్చి ఇద్దఱు మరణించిరి. మరల దీవికి పంపిరి. 1938లో అక్కడనే చనిపోయెను. మొత్తము ఇరువదియాఱేండ్ల చెఱ.

ఈ కథ చదివి ఆమెను రాక్షసిగా తిట్టువారును, అధికారులను రాక్షసులుగా తిట్టువారును కలరు. మాకు రెండును రుచింపవు. ఆసుపత్రియందు మరణించిన ఆ యిద్దఱి యింటివారి దుఃఖమును మఱచి స్వాతంత్ర్యమును గూర్చి మాటలాడుట సులభము. తన వంటవలన జనులు పడిపోవుచుండుట రెండు మూడు మార్లు చూచిన పిమ్మట, నమ్మకమున్నను లేకున్నను, బాలింతలకు వండుట మానవలసినది. ఆమె తప్పు అక్కడ ఉన్నది. కాని 1910లో జరిగినదానిని చూడుడు. లోకుల క్షేమము కొఱకు ఒక స్త్రీ చేతినుండి ఆమెకు వచ్చిన యొకే విద్యను తీసివేసి, ఉతుకుడు పనిని చూపి, ఇక పొమ్మనిరి. లాభము పొందినది పట్టణమంతయు. నష్టము పొందినది ఒక్కతె. పేరుపెట్టి పని మాన్పించిన పట్టణము, ఆ జీతపు వ్యత్యాసమును నెలనెలకు కట్టియిచ్చి యున్నచో, స్లోన్ ఆసుపత్రి వంటశాలకు ఆమె పోకయే యుండునేమో. పోయియున్నను, అప్పుడు నేరము పూర్తిగా ఆమెదే యగును. ఆ కాలముననే న్యూయార్కున ఇట్టి వాహకులు వందలకొలది కనుగొనబడిరి. వారికి ఆమెవలె ఇరువదియాఱేండ్ల ద్వీపవాసము రాలేదు. ఆమె ఒంటరి, పరదేశి, పనికత్తె. ఈ మూడును ఏ నాళికలోను పరీక్షింపబడినవి కావు. అయినను తీర్పునందు చేరినవి.

మన దేశమున రోగము వేఱొక రూపమున నున్నది. అక్కడ పేరు ఆలోచించి పెట్టి, పిమ్మట బాధ్యతను వదలిరి. ఇక్కడ పేరునే ఆలోచింపక పెట్టుచున్నాము. నాలుగు దినములు జ్వరము తగ్గకున్నచో మన తెలుగు పట్టణములలో వైడాల్ పరీక్ష చేయింపని వారరుదు. 1896లో ఫెర్నాండ్ వైడాల్ పారిసున ప్రకటించిన యీ పరీక్ష క్రిమిని వెదకదు; క్రిమితో ఎప్పుడో పోరాడిన గుర్తు రక్తమునందు కలదేమో చూచును. ఆ గుర్తు టీకా వేయించుకొన్నవారికి ఉండవచ్చును. పూర్వము జ్వరము వచ్చి పోయినవారికి ఉండవచ్చును. దాయాది క్రిమి సోకినవారికి ఉండవచ్చును. టైఫాయిడు తఱచుగా నుండు మన సీమలో ఆరోగ్యవంతులయందే కొంత కనబడును. అయినను గాజుపలకపై ఒక్క చుక్క గడ్డకట్టుట చూచి, అరగంటలో టైఫాయిడని కాగితము వ్రాసియిత్తురు. ఆ కాగితము ఇంటికి వచ్చునప్పటికి శబ్దప్రమాణమై కూర్చుండును.

రక్తమును రసమున పెంచి, పళ్లెముపై చుక్కలను తేల్చి, నాళికల వరుసలో చక్కెరలను, ఇండోలును, యూరియాను, గంధకపు నలుపును అడిగి, పిమ్మట పేరు చెప్పుటకు మూడు నాలుగు దినములు పట్టును. ఈ మార్గమును అడుగువారు తక్కువ, చెప్పువారును తక్కువ. ఆలస్యమును సహింపలేని రోగి యొకవైపు, ఆలస్యమును చెప్ప జంకు వైద్యుడు ఒకవైపు. జ్వరముతో మండుచున్న బిడ్డకు మూడు దినములు మందీయక కూర్చుండుమని మేము చెప్పుట లేదు. రక్తము తీసి పెంచుటకు పెట్టి మందు మొదలిడవచ్చును, ఉత్తరము వచ్చిన పిమ్మట మార్చవచ్చును. అడుగకయే పేరు పెట్టుటనే మేము ఆక్షేపించుచున్నాము. ఆ పేరునుబట్టి వాడిన మందులు ఊరూర వ్యర్థముగా ప్రవహించి, క్రిములకు వానిని తట్టుకొను నేర్పును అలవఱచుచున్నవి. 2016లో హైదరాబాదున, మన హైదరాబాదు కాదు, పాకిస్తానమునందలి సింధు హైదరాబాదున, వాడుకలోనున్న మందులలో చాలవానికి లొంగని టైఫాయిడు తలయెత్తి వేలకొలది జనులను పట్టినది. అక్కడ ఏ మందు పనిచేయునో చెప్పినది నాళికలలోను పళ్లెములలోను పెంచి అడిగిన వారే.

అడిగిన పిమ్మట పేరు తేలినచో, ఆ పేరు గలవాని సంగతి మిగిలియుండును. మన దేశమున 2011 నాటి ఆహారభద్రతా నిబంధనలను బట్టి, అనుమతి పొందిన భోజనశాలలలో వండువారిని వడ్డించువారిని ఏటేట వైద్యపరీక్ష చేయించవలెను. ప్రేగుల జ్వరములకు టీకాయు వేయించవలెను. నిబంధన మంచిది. ఒక హోటలులో ఇడ్లీ వేయువానియందు క్రిమి కనబడినదనుకొందము. మేరీ మేలన్ కాలమున కత్తితప్ప వేఱు మార్గము లేదు. ఆమె పిత్తాశయమును కోయించుకొనుటకు ఒప్పుకొనలేదు, నాటి శస్త్రచికిత్సను తలంచినచో తప్పుపట్టలేము. నేడు కొన్ని వారములు మందు పుచ్చుకొన్నచో వాహకులలో చాలమందికి క్రిమి పోవును. పోయినదనుటను మరల మరల మలపరీక్షచేసి తెలిసికొనవచ్చును. ఆ వారములలో వాడు పొయ్యి దగ్గఱకు రాకూడదు. యజమాని ఆ కూలిని ఇచ్చినచో, పరీక్షకు రమ్మన్నప్పుడు వాడు దాచక వచ్చును. ఈయనిచో, రెండు వీధులవతల వేఱొక హోటలున, వేఱొక పేరుతో, మఱునాటి యుదయముననే పిండి రుబ్బుచుండును.